బీపీ మాత్ర కలిపితే పిల్లి కాన్సర్ లొంగిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్ లోపలి పేజీలో పిల్లుల కాన్సర్ మీద ఒక ఐటమ్ వేశారు కదా, కీమో మందుకి లొంగని కాన్సర్ కణాలకి మామూలు బీపీ మాత్ర ఒకటి తోడు చేస్తే మళ్లీ లొంగుతున్నాయని, అది చదివి మొదట సంతోషమే వేసింది నాకు, ఎందుకంటే పిల్లి కాన్సర్ గురించి తెలుగు పేపర్లో రాయడమే అరుదు, రాసినా ఏదో వింత వార్తలాగా రాస్తారు. కానీ ఆ రోజు సాయంత్రానికే ఆ కటింగ్ ఫొటో తీసి నాకు ముగ్గురు వాట్సాప్ చేశారు, ముగ్గురిదీ ఒకటే ప్రశ్న, "అక్కా ఆ మాత్ర మా ఇంట్లో ఉంది, మా నాన్న వేస్కుంటారు, పిల్లికి ఎంత ఇవ్వాలి" అని. అప్పుడు భయం వేసింది. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదైంది, కత్తిరించి వేస్కున్నా పర్లేదు గానీ మందుల గురించి రాసిన ముక్కలు మాత్రం దయచేసి తీసెయ్యొద్దు.

నేను డాక్టర్ని కాదు. ఆస్పత్రి ఫార్మసీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయినదాన్ని, అందులో ఎక్కువ కాలం కాన్సర్ వార్డుకి మందులు పంపే దగ్గరే ఉన్నా. దానికి తోడు మా చిట్టికి, అంటే మా పిల్లికి, లింఫోమా, అంటే లింఫోసైట్లనే తెల్లకణాల్లో పుట్టే కాన్సర్, వచ్చింది, దానితో ఏడు నెలలు ఈ కీమో చుట్టూ తిరిగాను. అంటే మందు వైపు నుంచి కొంచెం, పిల్లి వైపు నుంచి కొంచెం తెల్సు, అంతే.

మీ ఐటమ్‌లో రాసింది అబద్ధమని నేను అనట్లేదు. ఆ ఊహ పాతదే, గట్టిదే. కాన్సర్ కణం గోడలో పి-గ్లైకోప్రోటీన్ అని ఒక పంపు ఉంటుంది, 1976లో జూలియానో, లింగ్ అనే ఇద్దరు చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల్లో దీన్ని పట్టుకున్నారు. పడవలోకి నీళ్లు వస్తుంటే చెంబుతో తోడి బయట పోస్తారు చూడండి, అట్లా ఈ పంపు లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోసేస్తుంది, కణం మునగదు. దీంట్లో అసలు ఇబ్బంది ఏంటంటే ఈ పంపుకి ఒక్క మందు మీదే పగ ఉండదు, ఒకదానికొకటి పోలికే లేని మందుల్ని కూడా తోసేస్తుంది, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులన్నీ దానికి ఒకటే. అంటే కణం విన్‌క్రిస్టిన్ వల్ల పంపులు పెంచుకుంటే, ఇంకా ఒక్క చుక్క కూడా చూడని డాక్సోరూబిసిన్‌కి కూడా అప్పుడే మొండికేసిందన్నమాట. ఇక 1981లో జపాన్‌లో త్సురువో అనే ఆయన బృందం వెరాపమిల్, అదే మీరు రాసిన బీపీ మాత్ర, ఈ పంపుకి అడ్డం పడుతుందని ఎలుక లుకేమియా కణాల్లో చూపించింది. అప్పట్నుంచీ ఈ "పంపు మూసేద్దాం" అనే ఆశ నడుస్తూనే ఉంది. పిల్లి లింఫోమా కణాల్లో కూడా ఈ పంపు మీద పరిశోధనలు జరిగాయి. ఇంతవరకూ మీతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ పంపు కాన్సర్ కణం సొంతంగా కనిపెట్టుకున్నది కాదండీ. అది ఒంట్లో ముందే ఉంది. పేగు గోడలో ఉంది, లివర్ నుంచి పైత్యరసంలోకి మందుని పంపే చోట ఉంది, కిడ్నీలో ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా మెదడుకి కాపలా కాసే రక్తనాళాల్లో ఉంది. ఒంట్లోకొచ్చే విషాల్ని బయటికి పంపడానికి పెట్టుకున్న ఏర్పాటు అది, కాన్సర్ కణం దాన్ని తన పనికి వాడుకుంటోంది అంతే. ల్యాబ్‌లో గిన్నెలో పెంచిన కణాలకి పేగు లేదు, లివర్ లేదు, మెదడు లేదు, గుండె అసలే లేదు, అక్కడ పంపు మూస్తే చచ్చేది కాన్సర్ కణమే. పిల్లికి ఇస్తే పంపు అన్ని చోట్లా మూతపడుతుంది, బయటికి పోవాల్సిన కీమో మందు లోపలే ఉండిపోతుంది, మామూలు డోసే ఇచ్చినా ఒంటికి అది ఎక్కువ డోసు అయి కూర్చుంటుంది.

పంపు లేకపోతే ఏమవుతుందో తెల్సుకోడానికి కొత్తగా ప్రయోగాలు కూడా అక్కర్లేదు, పుట్టుకతోనే ఆ పంపు పనిచెయ్యని జంతువులు ఉన్నాయి. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ పంపుని తయారుచేసే ఎమ్‌డీఆర్1 జీన్‌లో 4 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయని 2001లో బయటపడింది, వాటికి పురుగులకి వేసే ఐవర్‌మెక్టిన్ కొంచెం ఎక్కువైతే చాలు మెదడు దెబ్బతింటుంది, విన్‌క్రిస్టిన్ మామూలు డోసు ఇస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోతాయి. పిల్లుల్లో కూడా అదే జీన్‌లో 2 అక్షరాలు పోయిన రకం ఉందని 2015లో రాశారు. అంటే కొన్ని పిల్లులకి పంపు ముందే పాడై ఉంది, మన కంటికి తెలీదు, టెస్ట్ చేయిస్తేనే తెలుస్తుంది. మీ ఐటమ్ చదివి పంపు మూసెయ్యాలని చూసేవాళ్లు ఒకసారి ఈ పిల్లుల గురించి ఆలోచించాలి.

ఇక వెరాపమిల్ సంగతి. పంపుకి అడ్డం పడాలంటే రక్తంలో అది ఎంత ఉండాలో, అంత ఇస్తే గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. మనుషుల్లోనే అది తేలిపోయింది. తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు ఇచ్చి చూశారు, దాన్ని మార్చి రోగనిరోధక శక్తిని అణచకుండా, కిడ్నీకి హాని తక్కువుండేలా వాల్‌స్పొడార్ అని తయారుచేశారు, అది ఇస్తే కీమో మందు ఒంట్లోంచి పోవడం నెమ్మదించింది కాబట్టి కీమో డోసు తగ్గించాల్సి వచ్చింది, తగ్గిస్తే లాభం ఎక్కడ, పెద్ద పెద్ద ట్రయల్స్‌లో పేషెంట్లు ఎక్కువ కాలం బతికిందేమీ లేదు. ఇంత జరిగాక 4 కిలోల పిల్లికి మీ ఇంట్లో నాన్నగారి మాత్రలో ముక్క విరిచి ఇవ్వడం ఏంటండీ. వెరాపమిల్ పిల్లికి కీమోతో కలిపి ఇంట్లో ఇవ్వొద్దు, ఎంత డోసూ ఇవ్వొద్దు. ఇది నేను పెద్దక్షరాల్లో రాయించాలనుకున్న వాక్యం.

అట్లా అని మందులు కలపడమే తప్పని కాదు, ఇక్కడే మీ ఐటమ్ అసలు విషయాన్ని వదిలేసింది. కాన్సర్ వైద్యం నిలబడిందే మందులు కలపడం మీద. 1948లో ఫార్బర్ గారు పిల్లల లుకేమియాకి అమినోప్టెరిన్ అని ఒక్క మందు ఇస్తే రోగం తగ్గినట్టే తగ్గి కొన్ని నెలల్లో తిరగబడింది. 1960ల్లో ఫ్రై, ఫ్రైరీక్ అనే డాక్టర్లు నాలుగు మందులు ఒకేసారి కలిపి ఇచ్చారు, అప్పుడు చాలామంది తిట్టారంట, పిల్లల మీద ఇంత విషమా అని, కానీ అక్కడ్నుంచే దారి మారింది. అంతకుముందే టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇస్తే క్రిమి మొండికెత్తుతోందని ఇంకో మందు కలిపితే ఆగిందని చూశారు. సూత్రం ఒకటే.

ఆ సూత్రం లెక్కలో చెప్తే ఈజీగా ఎక్కుతుంది. ఒక సెంటీమీటర్ గడ్డలో దాదాపు 100 కోట్ల కణాలు ఉంటాయి. ఉదాహరణకి 10 లక్షల కణాల్లో ఒకటి ఒక మందుకి పుట్టుకతోనే లొంగని రకం అనుకుందాం, అప్పుడు ఆ గడ్డలో 1000 కణాలు మందు మొదలెట్టక ముందే మొండివి. ఒక్క మందు ఇస్తే మిగతావన్నీ చస్తాయి, గడ్డ మాయమైనట్టే కనిపిస్తుంది, ఇంట్లో అందరం సంబరపడతాం, ఆ 1000 మాత్రం నిదానంగా పెరుగుతుంటాయి. అదే రెండు మందులు, ఒకదాని దారికి ఇంకోదాని దారికి సంబంధం లేనివి ఇస్తే, రెండిటికీ లొంగని కణం లక్ష కోట్లలో ఒకటి, గడ్డలో ఉన్నదే 100 కోట్లు, అంటే అసలు ఆ కణం ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ. నిజం ఒంట్లో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు, గోల్డీ, కోల్డ్‌మన్ అనే ఇద్దరు 1979లో ఈ లెక్కని సరిగ్గా రాశారు, నేను చెప్పింది దాని చిన్నపిల్లల వెర్షన్.

ఇప్పుడు ఆ పంపుని ఈ లెక్కలోకి తెచ్చి చూడండి. రెండు మందులూ ఒకే పంపు తోసేసేవి అయితే, అవి లెక్కకి రెండు గానీ పనికి ఒకటే. విన్‌క్రిస్టిన్‌కీ డాక్సోరూబిసిన్‌కీ కలిపి ఒక్క మార్పు చాలు, మిగిలే కణాలు సున్నా కాదు, మళ్లీ ఆ 1000. కాబట్టి మందుని ఎంచుకునేది ఎన్ని అని కాదు, ఏ దారిన అని. సైక్లోఫాస్ఫమైడ్, క్లోరాంబుసిల్, లోముస్టిన్ లాంటి, డీఎన్ఏని నేరుగా దెబ్బతీసే ఆల్కిలేటింగ్ మందులు, కార్బోప్లాటిన్ లాంటివి, వీటిని ఈ పంపు పట్టించుకోదు. అందుకే పిల్లికి విన్‌క్రిస్టిన్ పనిచెయ్యడం మానేశాక చాలామంది డాక్టర్లు లోముస్టిన్ వైపు వెళ్తారు. పంపుని మూసే సాహసం చెయ్యకుండా, పంపు లేని దారి పట్టుకోడం అన్నమాట. నాకు ఇది మీ ఐటమ్‌లో ఉన్నదానికంటే వంద రెట్లు తెలివైన పని అనిపిస్తుంది, కానీ ఇది వార్త కాదు కదా, పాత మందులు ఒక వరసలో ఇవ్వడం, దీన్ని ఎవరు హెడ్డింగ్ పెట్టి వేస్తారు.

అయితే ఆ కణాలు కూడా పంపు ఒక్కటే నమ్ముకోవు. ఆల్కిలేటింగ్ మందు డీఎన్ఏని దెబ్బతీస్తే కొన్ని దాన్ని రిపేర్ చేస్కుంటాయి, కొన్ని గ్లూటాథయోన్ అనే రక్షణ పదార్థాన్ని పెంచుకుని మందుని ముందే పాడుచేస్తాయి, కొన్ని ఎంత దెబ్బతిన్నా చావాలనే సిగ్నలే వినవు. ఆస్పరాజినేస్ ఇంజెక్షన్ ఉంది కదా, అది కాన్సర్ కణానికి ఆహారంలా కావాల్సిన ఆస్పరాజిన్‌ని రక్తంలో లేకుండా చేస్తుంది, కొన్నాళ్లకి కణం తనే తయారుచేస్కోడం మొదలెడుతుంది, ఆకలితో చంపుదామంటే లోపలే పొయ్యి పెట్టుకుంటుంది. అందుకే ఒక్క పంపు మూస్తే అంతా అయిపోతుందనే మాట నేను నమ్మను.

లింఫోమా అంటే కూడా ఒకటే రోగం కాదు, ఇది మీ ఐటమ్‌లో అస్సలు లేదు. ఒకప్పుడు ఫెలైన్ లుకేమియా వైరస్ వల్ల వయసు తక్కువ పిల్లులకి ఛాతీలో వచ్చే రకం ఎక్కువుండేది, ఆ వైరస్‌ని 1964లో గ్లాస్గోలో జారెట్ గారి బృందం కనిపెట్టింది, టెస్టులు, టీకాలు వచ్చాక అది తగ్గి, పెద్ద వయసు పిల్లుల పేగుల్లో వచ్చే రకం ముందుకొచ్చింది. ఆ పేగు రకంలోనే చిన్నకణం రకం ఒకటి, పెద్దకణం రకం ఒకటి. చిన్నకణం రకం నెమ్మది, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, క్లోరాంబుసిల్ అని రెండు మాత్రలతో ఇంట్లోనే నడుస్తుంది, చాలా పిల్లులు రెండేళ్ల దాకా బాగానే ఉంటాయి, ఇంకా ఎక్కువ బతికేవీ ఉన్నాయి, అది తిరగబడితే క్లోరాంబుసిల్ బదులు సైక్లోఫాస్ఫమైడో లోముస్టినో పెడతారు. పెద్దకణం రకం అట్లా కాదు, దానికి విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, ప్రెడ్నిసొలోన్ కలిపిన కాప్ అనే పద్ధతి, లేదా దానికి డాక్సోరూబిసిన్ చేర్చిన చాప్, అవి ఇచ్చినా చాలావాటికి లెక్క నెలల్లోనే. ఈ రెండిటినీ కలిపి "పిల్లి కాన్సర్" అని ఒకే మాట రాస్తే చదివినవాడు తన పిల్లిది ఏదో తెలీకుండానే ఆశపడతాడు లేదా తెలీకుండానే భయపడతాడు.

మా చిట్టిది పెద్దకణం రకం. తొమ్మిదేళ్లు దానికి, బరువు తగ్గుతోంది, వాంతులు, మొదట వెళ్లిన క్లినిక్‌లో ఏ టెస్టూ లేకుండా ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచారు, రెండో రోజుకి లేచి గిన్నె నాకేసింది, నేను ఆ డాక్టర్ని దేవుడనుకున్నా. ఐదు వారాలు అట్లా గడిచాయి, రెండుసార్లు మళ్లీ పొడిచారు. తర్వాత ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే స్కాన్ చేసి బయాప్సీ తీసి చెప్పారు, ఇది లింఫోమా అని, స్టెరాయిడ్ ముందే పడింది కాబట్టి బయాప్సీ చూడ్డం కూడా కష్టమైందని. ఇక్కడ నాకు నా మీదే కోపం, ఎందుకంటే స్టెరాయిడ్ ఒక్కటే ముందు ఇస్తే లింఫోమా కణాలు దానికి అలవాటు పడి, ఆ తర్వాతిచ్చే కీమోకి కూడా సరిగ్గా లొంగకపోవచ్చని నాకు తెల్సు, కాన్సర్ వార్డుకి మందులు పంపినదాన్ని, మనిషికైతే అడిగేదాన్ని, పిల్లికి అడగలేదు. మీ ఐటమ్‌లో మందు కలిపి మొండితనం పోగొట్టే దాని గురించి రాశారు గానీ మొండితనం మనమే ఎట్లా తెచ్చిపెడతామో ఒక్క ముక్క లేదు. నా మటుకు నాకు పిల్లి కాన్సర్‌లో చదువరులకి చెప్పాల్సిన మొదటి మాట ఇదే, ఏ రకమో తేలకముందు స్టెరాయిడ్ పడనివ్వొద్దు, ప్రాణం మీదకొచ్చి డాక్టర్ తప్పదంటే వేరే సంగతి.

కాప్ మొదలెట్టాం. మూడో వారానికి గడ్డ చేతికి దొరకలేదు. విన్‌క్రిస్టిన్ పడిన రెండ్రోజులు తిండి ముట్టేది కాదు, మలబద్ధకం, పిల్లులకి ఆ మందు పేగుల్ని పడుకోబెడుతుంది, అప్పుడు డాక్టర్ దాని బదులు విన్‌బ్లాస్టిన్‌కి మార్చారు, ఆకలికి మిర్టాజపిన్ ఇచ్చారు. మీసాలు రాలిపోయాయి, బొచ్చు మాత్రం అట్లాగే ఉంది, పిల్లులకి మనుషుల్లా జుట్టంతా ఊడదు, మీసాలే పోతాయి, బోడి మూతితో వచ్చి చూసేది, నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఐదో నెలలో మళ్లీ గడ్డ తగిలింది. అప్పుడు డాక్టర్ చెప్పింది నేను పైన రాసిందే, పంపు దారి మందులు ఇంక చాలు, లోముస్టిన్ చూద్దాం అని. అది కూడా చిన్నదారి అని ముందే చెప్పారు, రెండోసారి వచ్చే రెమిషన్, అంటే రోగం అణిగి ఉండే కాలం, మొదటిదానికంటే పొట్టిగా ఉంటుంది సాధారణంగా. ఆరు వారాలు ఇచ్చింది. నేను ఆ ఆరు వారాల్ని తక్కువ అనుకోను, ఎండలో కిటికీ దగ్గర పడుకుంది, తిన్నది, ఒక బల్లిని కూడా పట్టింది.

ఇంకోటి, మందు పనిచెయ్యట్లేదు అంటే ప్రతిసారీ కణం మొండికెత్తిందని కాదండీ, ఫార్మసీలో పనిచేసినదాన్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. మాత్ర నోట్లో పెట్టాం, పిల్లి సోఫా వెనక్కెళ్లి ఉమ్మేసింది, మనం చూడలేదు, వేసినట్టే రాసుకున్నాం. లేదా గంటకి వాంతి చేసింది. లేదా ప్రెడ్నిసొలోన్ బదులు ప్రెడ్నిసోన్ తెచ్చి వేశాం, పేర్లు దగ్గరగా ఉంటాయి, పిల్లి ఒంట్లో ప్రెడ్నిసోన్ సరిగ్గా ప్రెడ్నిసొలోన్ కింద మారదు, అందుకే పిల్లికి ప్రెడ్నిసొలోన్ రాస్తారు. లేదా పెద్ద క్యాప్సూల్‌ని పిల్లి సైజుకి చిన్నది చేయించాం, దాంట్లో మందు నిజంగా ఎంతుందో ఎవరికి తెల్సు. లేదా మందు చేరలేని చోట కాన్సర్ దాక్కుంది, మెదడులోకి చాలా కీమో మందులు వెళ్లవు, కిడ్నీలో లింఫోమా వచ్చిన పిల్లులకి తర్వాత మెదడు, వెన్నుపాములోకి వెళ్లే గుణం ఉంది, అందుకే వాటికి అక్కడికి చేరగలిగే సైటరాబిన్ కలపడం ఆలోచిస్తారు. ఇవన్నీ చూడకుండా "రెసిస్టెన్స్" అని పేరు పెట్టి కొత్త మందు కలిపేస్తే రోగం ఒకటి, వైద్యం ఇంకోటి అవుతుంది. నేనైతే ప్రతి మాత్ర టైమూ, బరువూ, వాంతీ ఒక పాత డైరీలో రాసేదాన్ని, డాక్టర్ స్కాన్ కంటే ముందు ఆ డైరీ అడిగేవారు.

పిల్లి అంటే చిన్న కుక్క కాదు, చిన్న మనిషి అసలు కాదు, ఈ మాట వెట్ డాక్టర్లు అంటూనే ఉంటారు, కానీ కలిపే మందుల దగ్గరికొచ్చేసరికి అందరం మర్చిపోతాం. మనుషుల్లో ఎన్నో కాన్సర్లకి వాడే సిస్‌ప్లాటిన్ పిల్లికి ఇస్తే ఊపిరితిత్తుల్లో నీరు నిండి చచ్చిపోతుంది, కుక్కకి ఇస్తారు, పిల్లికి ఇవ్వకూడదు, దాని చుట్టం కార్బోప్లాటిన్ మాత్రం ఇవ్వొచ్చు. 5-ఫ్లోరోయురాసిల్ అనే ఇంకో కాన్సర్ మందు పిల్లికి నరాల మీద కొట్టి చంపుతుంది, చర్మానికి రాసుకునే క్రీమ్ నాకినా ప్రమాదమే. డాక్సోరూబిసిన్ కుక్కల్లో గుండెని దెబ్బతీస్తే పిల్లుల్లో కిడ్నీని దెబ్బతీస్తుంది, పెద్ద వయసు పిల్లులకి కిడ్నీ ఎట్లాగూ వీకే. పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణానికి, దాన్ని శుద్ధి చేసే ఎంజైమ్ పని పిల్లి లివర్లో సరిగ్గా లేదు, కీమో వల్ల జ్వరం వచ్చిందని జాలిపడి వేసేవాళ్లు ఉన్నారు, అందుకే రాస్తున్నా. స్టెరాయిడ్ నడుస్తుంటే మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు కలపకూడదు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీ పోతుంది. ఫంగస్‌కిచ్చే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ విన్‌క్రిస్టిన్‌ని ఒంట్లోంచి బయటికి పోనివ్వవు, వాటిని డాక్టర్‌కి చెప్పకుండా వాడితే మీరు తెలీకుండానే విన్‌క్రిస్టిన్ డోసు పెంచినట్టు.

కలపడంలో ఉన్న ఇంకో లెక్క కూడా ఇదే, రెండు మందులూ ఒకేసారి ఒకే చోట కొట్టకూడదు. మామూలు కీమోకి తెల్లకణాలు వారం, పది రోజులకి కిందకి పడి లేస్తాయి, లోముస్టిన్‌కి పిల్లుల్లో ఎప్పుడు పడతాయో చెప్పలేం, కొన్నిటికి మూడు నాలుగు వారాలకి పడతాయి, ఆ లోపు బాగానే ఉంది కదా అని రెండో డోసు ఇచ్చేస్తే ఒకదాని మీద ఒకటి పడి ఇన్ఫెక్షన్‌తో పోతుంది. అందుకే వారం వారం రక్తం తీస్తారు, మా చిట్టికి ఒకసారి డోసు పది రోజులు వెనక్కి జరిపారు, అప్పుడు నేనే గొడవ పెట్టుకున్నా ఆలస్యం చేస్తున్నారని, తర్వాత రిపోర్ట్ చూసి నోరు మూసుకున్నా.

లింఫోమా కాకుండా వేరేవాటిలో కూడా కలిపి చూస్తున్నారు. ఇంజెక్షన్ ఇచ్చిన చోట పిల్లులకి వచ్చే సార్కోమా అనే కాన్సర్ గడ్డ ఉంది, 1991లో దాని గురించి మొదట రాశారు, చాలా అరుదు, దీనికి భయపడి టీకాలు మానెయ్యక్కర్లేదు, అది కీమోకి పెద్దగా లొంగదు, అక్కడ కత్తే ముందు, బాగా వెడల్పుగా కొయ్యడం, దాంతో రేడియేషన్, ఆ పక్కన డాక్సోరూబిసినో కార్బోప్లాటినో. నోట్లో వచ్చే స్క్వామస్ సెల్ కార్సినోమా ఇంకా మొండిది, ఏ కలయికా దాన్ని గట్టిగా ఆపలేకపోయింది ఇప్పటికీ. టోసెరనిబ్ అని కుక్కల మాస్ట్ సెల్ కాన్సర్‌కి అమెరికాలో 2009లో అనుమతి ఇచ్చిన మాత్ర ఉంది, పిల్లులకి కూడా డాక్టర్లు తమ నిర్ణయం మీద వాడుతున్నారు, కణానికి పెరగమని చెప్పే సిగ్నల్‌ని అది ఆపుతుంది కాబట్టి పంపు గొడవ వేరు, దాన్ని కీమోతో కలపొచ్చా అనేది మంచి ప్రశ్న. ఇలాంటివి పిల్లుల మీదే, వాటికి బాధ లేకుండా, సరిగ్గా లెక్క రాసి ట్రయల్స్ చెయ్యాలని నా కోరిక కూడా. అన్నీ అయిపోయి ఇంక ఏమీ లేదన్న పిల్లుల మీదే కొత్త కలయిక చూస్తే అది పనిచెయ్యలేదనే తేలుతుంది, ముందు దశలో చూడాలి, మొండివి ఆ 1000 ఉన్నప్పుడే.

మీ సబ్ ఎడిటర్లకి నాదొక మనవి. మందుల వార్త వచ్చినప్పుడు అది గిన్నెలో కణాల మీద చేసిందా, ఎలుక మీదా, నిజం పిల్లి మీదా అని మొదటి వాక్యంలోనే రాయండి, ఎన్ని పిల్లులో కూడా రాయండి, ఆరు పిల్లులైతే ఆరు అనే రాయండి సిగ్గేం లేదు. ఇంట్లో దొరికే మాత్ర పేరు ఉంటే ఇంట్లో ఇవ్వొద్దు అని దాని పక్కనే ఉండాలి, చివర్లో చిన్నక్షరాల్లో కాదు. కీమో మాత్రని విరవకూడదు, నూరకూడదు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, గర్భిణీలు ఆ పిల్లి లిట్టర్ ట్రే తియ్యకూడదు, ఇవి కూడా ఆ ఐటమ్ పక్కన రెండు లైన్లు పడితే చాలు ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

ఆ రోజు అడిగిన ముగ్గురిలో ఇద్దరు మాత్ర ఇవ్వకుండా ఆగారు, డాక్టర్‌కి ఫోన్ చేశారు. మూడో అమ్మాయి నేను జవాబు పెట్టేలోపే పావు ముక్క ఇచ్చేసింది, పిల్లి ఆ రాత్రి లేవలేకపోయింది, ఆస్పత్రిలో పెట్టారు, మూడు రోజులకి తేరుకుని ఇంటికొచ్చింది. ఆ కటింగ్ ఇంకా తిరుగుతూనే ఉంది, నిన్న రాత్రి ఇంకొకరు పంపారు, కింద "ఎన్ని ఎమ్‌జీ?" అని రాసి. కాబట్టి సవరణ వేస్తే దయచేసి అదే పేజీలో, అదే సైజులో, మాత్ర పేరుతో సహా వెయ్యండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు